పంతులమ్మ మేరీ చర్చ్ టెరెల్

ఈ సంచికలో ప్రతి యేడూ మనకు తెలిసిన పెద్దల జీవితాలు చెప్పుకుంటూ వస్తున్నాము. ఈసారి సముద్రాల అవతల బ్రతికిన ఒక పంతులమ్మ కథ చెప్పాలనిపించింది. పేరు మేరీ చర్చ్ టెరెల్. అమెరికాలో పేరుపొందిన స్త్రీయే గాని మనవైపు తెలిసినవారు తక్కువ. పెండ్లి చేసుకున్నందుకు బడి ఉద్యోగం వదులుకోవలసి వచ్చి, నాలుగేండ్లు తిరిగేసరికి ఆ వూరి బడులన్నిటినీ చూసే బోర్డులో సభ్యురాలై కూర్చున్న మనిషి. అందుకే ఆమెను ఎంచుకున్నాము.

1863 సెప్టెంబరు 23న టెన్నెసీ రాష్ట్రంలోని మెంఫిస్ పట్టణంలో పుట్టారు. అధ్యక్షుడు లింకన్ బానిసల విముక్తి ప్రకటన అమలులోకి వచ్చింది కూడా ఆ సంవత్సరమే. ఆమె తల్లీ తండ్రీ ఇద్దరూ బానిసలుగా బ్రతికినవారే. తండ్రి రాబర్ట్ చర్చ్ తర్వాత ఇండ్లూ స్థలాలూ కొని పెద్ద ధనవంతుడైనాడు. తల్లి లూయిసా సవరాల దుకాణం నడిపింది. మెంఫిస్‌లో నల్లపిల్లలకు సరైన బడి లేదని తల్లి ఆమెను చిన్నవయసులోనే దూరాన వున్న ఒహాయో రాష్ట్రానికి చదువుకు పంపింది.

అక్కడి ఓబర్లిన్ కాలేజీలో ఆడపిల్లలకు రెండేండ్ల చదువు వేరే వుండేది. మగపిల్లలు చదివేది నాలుగేండ్లది, గ్రీకు లాటిన్ భాషలతో కూడినది. మేరీ రెండోదాంట్లోనే చేరి 1884లో పట్టా పుచ్చుకున్నారు. ఇక ఇంటికి వచ్చి దర్జాగా కూర్చోమన్నాడు తండ్రి. డబ్బు అవసరం లేని ఆడపిల్లకు ఉద్యోగమెందుకన్నది ఆయన వాదం. ఈ మాట మన ఇండ్లలో మాత్రం వినబడదా? ఆమె మరుసటి యేడు ఒహాయోలోనే విల్బర్‌ఫోర్స్ కాలేజీలో పాఠాలు చెప్పడానికి చేరిపోయారు. తండ్రి దాదాపు ఒక సంవత్సరం కూతురికి ఉత్తరం ముక్క రాయలేదు. తర్వాత ఆమే చొరవ చేసి ఆయన దగ్గరికి వెళ్లడంతో మనసు కరిగింది.

1887లో వాషింగ్టన్ నగరం వచ్చి నల్లవారి హైస్కూలులో లాటిన్ చెప్పసాగారు. ఎం స్ట్రీట్ హైస్కూలని తర్వాత గొప్ప పేరు తెచ్చుకున్న బడి అది. నడుమ రెండేండ్లు తండ్రి ఖర్చుతో యూరపు వెళ్లి ఫ్రెంచి, జర్మను, ఇటాలియను భాషలు నేర్చి వచ్చారు. లాటిన్ శాఖకు పెద్దగా వున్నది రాబర్ట్ టెరెల్ అనే హార్వర్డు పట్టభద్రుడు. 1891లో ఇద్దరికీ వివాహమైంది. పెండ్లయిన స్త్రీ బడిలో పాఠం చెప్పరాదని అప్పటి నిబంధన. మగవాడికి ఆ నిబంధన లేదు. ఒకే బడిలో, ఒకే సబ్జెక్టు చెప్పిన ఇద్దరు పెండ్లాడితే రాజీనామా ఇచ్చింది భార్యే. అన్ని భాషలు నేర్చిన పంతులమ్మ పని అట్లా ముగిసిపోయింది.

తర్వాతి యేడు మెంఫిస్ నుండి పిడుగులాంటి కబురు వచ్చింది. చిన్ననాటి స్నేహితుడు టామ్ మాస్, కిరాణాకొట్టు నడుపుకునేవాడు, తెల్లవారి గుంపు చేతిలో హతమైనాడు. అప్పుడామె గర్భవతి. పుట్టిన బిడ్డ నిలవలేదు. అట్లా వరుసగా ముగ్గురు పసికందులు పోయారు. 1898లో పుట్టిన ఫిలిస్ ఒక్కతే దక్కింది. మాస్ హత్య తర్వాత వృద్ధనేత ఫ్రెడరిక్ డగ్లస్‌తో కలిసి అధ్యక్షుడు హారిసన్‌ను చూసి మొరపెట్టుకున్నారు. ఆయన విన్నాడు గాని చేసిందేమీ లేదు.

ఇక బోర్డు సంగతి. మనలో పెద్దవారికి జిల్లా బోర్డు హైస్కూళ్లు గుర్తుండే వుంటాయి. 1959లో జిల్లా పరిషత్తులు వచ్చేదాకా మన బడులకు బోర్డే దిక్కు. వాషింగ్టన్‌లోనూ విద్యా బోర్డు వుండేది, కాని దాని తీరు వేరు. దేశానికి రాజధాని అయినా ఆ వూరివారికి అప్పట్లో ఓటు లేదు. వూరిని పాలించే కమిషనర్లే బోర్డు సభ్యులను నియమించేవారు, డబ్బు కాంగ్రెసు మంజూరు చేయాలి. తెల్లపిల్లలకు ఒక బడులు, నల్లపిల్లలకు వేరే బడులు. 1895లో మేరీ టెరెల్‌ను ఆ బోర్డులో వేశారు. అమెరికాలోని పెద్ద నగరాల విద్యా బోర్డుల్లో చోటు దొరికిన మొదటి నల్లజాతి స్త్రీ ఆమేనని చెబుతారు. పెండ్లయిన ఆడది పాఠం చెప్పకూడదన్న వూళ్లో, పెండ్లయిన ఆడదే పంతుళ్ల విషయాలు తేల్చే బల్ల ముందు కూర్చున్నది! 1901 దాకా ఒకసారి, మళ్లీ 1906 నుంచి 1911 దాకా ఇంకొకసారి, మొత్తం పదకొండేండ్లు ఆ పని చేశారు.

బోర్డు సభ్యత్వం పైకి గౌరవమేగాని లోపల ముళ్లపీట. మా సొసైటీలో ఒక్క బడి కమిటీ నడిపినందుకే తెలిసివచ్చింది. పదిమందిలో ఒకరిద్దరుగా వుండి, వేరుబడుల పద్ధతినే రద్దు చేసే అధికారం లేకుండా, ఆ పద్ధతి లోపలే మన పిల్లలకు దక్కేది దక్కేటట్లు చూడటం ఓపికతో కూడిన పని. ఆమె సాధించినదాంట్లో ఒకటి మాకు బాగా నచ్చింది. ఫ్రెడరిక్ డగ్లస్ 1895 ఫిబ్రవరిలో కన్నుమూశారు. బానిసగా పుట్టినందున ఆయన పుట్టినతేదీ ఆయనకే తెలియదు, ఫిబ్రవరి 14 అని తానే పెట్టుకున్నాడు. ఆ రోజున నల్లపిల్లల బడులన్నిటిలో ఆయన జీవితం చెప్పి పండుగ జరపాలని 1897లో ఆమె బోర్డులో తీర్మానం పెట్టి నెగ్గించారు. ఖర్చు లేని పని, చూడటానికి చిన్నది. తన జాతిలో ఒక పెద్దమనిషి వున్నాడని పిల్లవాడికి బడిలోనే తెలియడం చిన్న సంగతి కాదు. 1926లో కార్టర్ వుడ్‌సన్ నల్లవారి చరిత్ర వారం మొదలుపెట్టినప్పుడు లింకన్, డగ్లస్‌ల పుట్టినరోజులు కలిసివచ్చేటట్లు ఫిబ్రవరినే ఎంచుకున్నాడు.

బోర్డుతోనే ఆగలేదు. 1896లో నల్లజాతి మహిళా సంఘాలన్నీ కలిసి ఏర్పడిన జాతీయ సమాఖ్యకు ఆమే మొదటి అధ్యక్షురాలు. కూలిపనికి పోయే తల్లుల పిల్లలకు శిశువిహారాలు పెట్టించడం దాని మొదటి పనుల్లో ఒకటి. 1904లో బెర్లిన్ మహిళా మహాసభలో జర్మను భాషలోనే ప్రసంగించారు. వాషింగ్టన్ బడి వద్దనుకున్న భాషాపాండిత్యం అక్కడ పనికొచ్చింది.

ముసలితనం గురించి చెప్పకపోతే కథ సగమే. రాజధానిలో హోటళ్లు నల్లవారికి భోజనం పెట్టేవి కావు. ఎవరు వచ్చినా వడ్డించాలని 1872, 1873లలో చేసిన చట్టాలు రద్దుకాకుండానే మరుగునపడి వున్నాయి. 1950లో, ఎనభయ్యారేండ్ల వయసులో, ఆమె మరి ముగ్గురితో కలిసి థాంప్సన్ రెస్టారెంటుకు పోయారు. భోజనం పెట్టమన్నారు, కేసు పెట్టారు. కేసు నడుస్తుండగా చేతికర్ర పట్టుకుని ఇతర దుకాణాల ముందు నిరసనల్లో నిలబడ్డారు కూడా. 1953 జూన్ 8న సుప్రీంకోర్టు ఆ చట్టాలు చెల్లుతాయని తీర్పిచ్చింది. కొద్దిరోజులకే అదే హోటలుకు వెళ్లి భోంచేసి వచ్చారు.

1954 మే 17న వేరుబడులు రాజ్యాంగవిరుద్ధమని సుప్రీంకోర్టు తేల్చింది. ఆ రోజు వచ్చిన తీర్పుల్లో ఒకటి ప్రత్యేకించి వాషింగ్టన్ బడులదే, ఆమె లాటిన్ చెప్పిన వూరిది, పదకొండేండ్లు బోర్డులో కూర్చున్న వూరిది. ఆ వార్త ఆమె బ్రతికుండగానే విన్నారు. జూలై 24న, తొంభయ్యేండ్ల వయసులో కన్నుమూశారు. సెప్టెంబరులో బడులు తెరిచినప్పుడు వాషింగ్టన్‌లో నల్లపిల్లలూ తెల్లపిల్లలూ ఒకే గుమ్మంలోంచి లోపలికి వెళ్లడం మొదలైంది.