వాషింగ్టన్ గారి కట్టుడు పళ్ళు

జార్జి వాషింగ్టన్ అమెరికా తొలి అధ్యక్షుడని మనందరం స్కూల్లో చదువుకున్నదే. బ్రిటిష్ వారితో ఆయన చేసిన యుద్ధం ఎనిమిదేళ్ళు. పళ్ళతో చేసిన యుద్ధం నలభై ఏళ్ళ పైమాటే. పెన్షనర్లమైన మనకు ఈ రెండోదే బాగా అర్థమవుతుంది.

1732 ఫిబ్రవరి 22న వర్జీనియాలో పుట్టాడు. పదకొండో ఏట తండ్రి పోయాడు. పదిహేడేళ్ళకే కౌంటీ సర్వేయరు కొలువులో చేరాడు. మొదటి పన్ను పీకించుకున్నది 1756లో, ఇరవై నాలుగో ఏట. ఆ ఖర్చు అయిదు షిల్లింగులు. పైసా పైసాకు పద్దు రాసే అలవాటు ఉండబట్టే ఇవన్నీ నేడు మనకు తెలుస్తున్నాయి.

1775లో సేనాధిపతి అయ్యాడు. 1781లో, యుద్ధం నడుమ, పళ్ళకు కట్టిన తీగలు బిగించే పనిముట్లు పంపమని పళ్ళ డాక్టరుకు రాసిన ఉత్తరం కాస్తా శత్రువుల చేతిలో పడింది.

ఆయన పద్దులలో ఒకటి మాత్రం చదవడానికి కష్టంగా ఉంటుంది. 1784లో బానిసల నుండి తొమ్మిది పళ్ళు కొన్నందుకు 122 షిల్లింగులు. లెక్క వేస్తే పంటికి పదమూడున్నర. ఆ రోజుల్లోనే స్వేచ్ఛ ఉన్నవారి ముందు పంటికి రెండు గినీలు, అంటే 42 షిల్లింగులు, ఇస్తామని పత్రికల్లో ప్రకటనలు పడేవి. ఎంత గొప్పవాడైనా ఈ పద్దును మనం దాటవేయరాదు.

1789లో అధ్యక్షుడిగా ప్రమాణం చేసేనాటికి నోట్లో మిగిలింది ఒక్కటే సొంత పన్ను. గ్రీన్‌వుడ్ అనే డాక్టరు నీటిగుర్రం దంతంతో సెట్టు చెక్కి, ఆ ఒక్క పంటి కోసం రంధ్రం వదిలాడు. కొయ్య పళ్ళు అన్నది కట్టుకథ. దంతం, మనుషుల పళ్ళు, సీసం, స్ప్రింగులు, ఇవీ ఆయన వాడినవి. నోరు మూసి ఉంచాలంటే దవడ బిగబట్టాల్సిందే. 1793లో రెండోసారి ప్రమాణం చేసినప్పటి ఉపన్యాసం 135 మాటలే. డాలరు నోటు మీద బొమ్మ చూడండి, పెదవులు ఉబ్బి ఉంటాయి. ఆ చివరి పన్నూ 1796లో పోయింది. 1799 డిసెంబరు 14న గొంతు జబ్బుతో కన్నుమూశాడు. ఆయన పళ్ళ సెట్టు ఒకటి మౌంట్ వెర్నన్‌లోని ఆయన ఇంట్లో భద్రంగా ఉంది.

ఆ సెట్లకు లేనిది వేరు. అది దొరకడానికి మరో నూట అరవై ఏళ్ళు పైగా పట్టింది. స్వీడన్ డాక్టరు బ్రానెమార్క్, కుందేలు కాలి ఎముకలో పెట్టిన టైటానియం ఎముకతో కలిసిపోయిందని 1950లలో గమనించాడు. 1965లో మనిషి దవడకు టైటానియం మరలు బిగించి పళ్ళు నిలబెట్టాడు. ఆ రోగి 2006లో చనిపోయేదాకా అవి పనిచేశాయి.

నేడు ఒక దవడకు నాలుగు నుండి ఆరు మరలు వేసి, వాటిపై మొత్తం వరుసను కదలకుండా బిగిస్తున్నారు. బాన్సువాడలో సంక్రాంతికి సకినాలు పాలలో నానబెట్టుకొని తినే మన తోటివారికి ఇది ఆశ పుట్టించే మాటే. అయితే ఖర్చు లక్షల్లో. షుగరు అదుపులో ఉండాలి, బీడీ సిగరెట్టు మానాలి, ఎముక చాలినంత ఉందో లేదో స్కానింగులో చూడాలి. బిగించాక కూడా రోజూ చిగుళ్ళ దగ్గర శుభ్రం చేయకపోతే మరల చుట్టూ ఎముక కరుగుతుంది. అంత పెట్టలేనివారు కింది దవడకు రెండే మరలు వేయించుకొని, వాటికి పట్టుకునే తీసిపెట్టే సెట్టు చేయించుకోవచ్చు. అది మామూలు సెట్టులా జారదు, రాత్రి తీసి కడుక్కోవచ్చు.