ఏడో ర్యాంకరే.. టాపర్లకు ట్యూటర్!

ట్యూషన్ చెప్పాలంటే ఫస్ట్ ర్యాంకే కావాలా? విలియం హాప్కిన్స్ సంగతి చూడండి. 1793లో ఇంగ్లండ్‌లో పుట్టారు. వ్యవసాయం చేశారు, కలిసిరాలేదు. దాదాపు ముప్పై ఏళ్లప్పుడు కేంబ్రిడ్జ్‌లో చేరి, 1827లో గణితంలో ఏడో ర్యాంకు తెచ్చుకున్నారు. పెళ్లయినవాళ్లకు అప్పట్లో అక్కడ ఫెలోషిప్ దక్కేది కాదు. దాంతో ప్రైవేటు ట్యూషన్లే బతుకుదెరువయ్యాయి. 1849 నాటికే ఆయన శిష్యుల్లో 17 మంది ఫస్ట్ ర్యాంకర్లు! స్టోక్స్, కెల్విన్, మ్యాక్స్‌వెల్ ఆయన దగ్గర చదివినవాళ్లే. 1854లో ఫస్ట్ ర్యాంకు కొట్టిన శిష్యుడు రౌత్ కూడా తర్వాత పేరున్న ట్యూటరే అయ్యారు. అంటే ర్యాంకు అడ్డూ కాదు, హామీ కూడా కాదు. ట్యూటర్ అవ్వాలనుకుంటే మార్కుల మెమో పక్కనపెట్టి, ఒక్క లెక్క ఎవరికైనా అర్థమయ్యేలా చెప్పి చూడండి.