సీనియరా, జూనియరా? రహీం సార్ లెక్కే వేరు

ఫ్రెషర్లకు ఛాన్స్ ఎవరిస్తారులే అని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో కూర్చొని దిగులుపడుతున్నారా? అయితే సయ్యద్ అబ్దుల్ రహీం గురించి తెలుసుకోండి. 1909లో పుట్టిన ఈ హైదరాబాదీ టీచర్, భారత ఫుట్‌బాల్ జట్టుకు కోచ్ అయ్యారు. సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాంను 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు తీసుకెళ్లారు. జట్టు నాలుగో స్థానంలో నిలిచింది.

అలాగని సీనియర్లను వదిలేయలేదు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో, మాజీ కెప్టెన్ పీకే బెనర్జీ తనకంటే చిన్నవాడైన చునీ గోస్వామి కెప్టెన్సీలో ఆడారు. తలకు దెబ్బ తగిలిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీం పక్కన పెట్టలేదు, ఫార్వర్డ్‌గా దింపారు. ఫైనల్లో దక్షిణ కొరియాపై ఆ ఇద్దరే చెరో గోల్ కొట్టారు. 2-1తో స్వర్ణం మనదే! మరుసటి ఏడాదే రహీం క్యాన్సర్‌తో కన్నుమూశారు.

ఇంటర్వ్యూకి వెళ్లేటప్పుడు గుర్తుంచుకోండి: ఎన్నేళ్ల అనుభవం ఉందన్నదే కాదు, ఆ టీమ్‌లో ఏ ఖాళీని మీరు నింపగలరో చెప్పండి.