మథియాస్ జ్డార్స్కీ

మథియాస్ జ్డార్స్కీ (ఫిబ్రవరి 25, 1856 - జూన్ 20, 1940) ఆస్ట్రియా దేశానికి చెందిన ఉపాధ్యాయుడు, చిత్రకారుడు, శిల్పి, స్కీయింగ్ శిక్షకుడు. మంచుపై జారుటకై పాదాలకు అమర్చుకొనే పొడవైన పలకలను స్కీలు అని, బూటును ఆ పలకకు పట్టి ఉంచే అమరికను బైండింగ్ అని అంటారు. నిటారైన కొండలను స్కీలతోనే ఎక్కి, అదుపు తప్పకుండా దిగుటకు అనువైన లోహపు బైండింగును ఈయన రూపొందించాడు. ఆల్ప్స్ పర్వతాలలో స్కీయింగుకు ఆద్యులైన వారిలో ఈయనను ముఖ్యునిగా పరిగణిస్తారు.

తొలి జీవితం

జ్డార్స్కీ నాటి ఆస్ట్రియా సామ్రాజ్యంలోని మొరావియాలో, ట్రెబీచ్ పట్టణ సమీపాన గల కోఝిఖోవిత్సె గ్రామంలో జన్మించాడు. ఈ ప్రాంతం నేడు చెక్ రిపబ్లిక్‌లో ఉన్నది. కొంతకాలం ఉపాధ్యాయ వృత్తిలో ఉన్న పిదప 1889లో దిగువ ఆస్ట్రియాలోని లిలియెన్‌ఫెల్డ్ వద్ద హబెర్న్‌రైట్ అనే వ్యవసాయ క్షేత్రంలో స్థిరపడ్డాడు. ఫ్రిట్యోఫ్ నాన్సెన్ 1888లో గ్రీన్‌లాండును స్కీలపై దాటిన యాత్రను గూర్చిన గ్రంథం చదివి, నార్వే నుండి స్కీలను తెప్పించుకున్నాడు.

బైండింగ్ రూపకల్పన

నార్వే స్కీలు పొడవైనవి. వాటిపై బూటును తోలు పట్టీలతోను, పేము కట్లతోను బిగించేవారు. ఎత్తుపల్లాలు మెల్లగా సాగే నేలపై అవి చక్కగా పనిచేసేవి. లిలియెన్‌ఫెల్డ్ వాలులపై మాత్రం మలుపు తిప్పబోతే పాదం ఒకవైపునకు, పలక మరొకవైపునకు పోయేవి. ఈ దోషం నడిపేవానిలో కాక కట్టులో ఉన్నదని గ్రహించుటయే జ్డార్స్కీ సాధించిన అసలు విజయమని చెప్పవచ్చును.

ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసి, ఈయన బూటు అడుగున ఒక ఉక్కు పలకను ఉంచి, దానిని ముందుభాగాన స్ప్రింగుతో కూడిన మడతబందుపై నిలిపాడు. తలుపు తన బందుపై తిరిగినట్లే ఈ ఉక్కు పలక పైకి, క్రిందికి మాత్రమే కదులును, ప్రక్కలకు కదలదు. కావున ఎక్కునప్పుడు మడమ స్వేచ్ఛగా లేచును, దిగునప్పుడు పాదపు మలుపు పూర్తిగా స్కీకి అందును. స్కీల పొడవును కూడా తగ్గించాడు. బూటు, ఉక్కు పలక ఒకదానికొకటి సరిగా అమరనిచో ఈ ప్రయోజనం సిద్ధించదు. మడమ పట్టీ వదులైనచో తిరిగి పాత ఇబ్బందియే ఎదురగును.

ఈ బైండింగుకు ఒక లోపం కలదు. పడిపోయినప్పుడు అది బూటును విడిచిపెట్టదు. నేటి బైండింగులలో మనిషి బరువు, బూటు అడుగు పొడవు, నైపుణ్యం మొదలగువానిని బట్టి విడుదల బిగువును సరిచేసుకొనే ఏర్పాటు ఉన్నది. పర్వతారోహణకు వాడే వాటిలో అనేకం ఎక్కునప్పుడు మడమను వదలి, దిగునప్పుడు బిగించి ఉంచుతాయి. జ్డార్స్కీ అమరికలో మడమను బిగించే ఏర్పాటు లేదు.

బోధన, వివాదాలు

తన పద్ధతిని వివరిస్తూ ఈయన రచించిన పుస్తకం 1896-97 కాలంలో వెలువడింది. వేలాది మందికి ఎట్టి రుసుము తీసుకొనక స్కీయింగ్ నేర్పాడు. నార్వే పద్ధతిని అభిమానించేవారు ఈయనను తీవ్రంగా విమర్శించారు, ఈయన కూడా మెత్తగా బదులిచ్చిన వాడు కాడు. 1905లో నార్వే నుండి హస్సా హోర్న్ లిలియెన్‌ఫెల్డుకు వచ్చి పరిశీలించి, నిటారు వాలులపై ఈ పద్ధతి యోగ్యతను అంగీకరించాడు.

అదే సంవత్సరం మార్చి 19న ముకెన్‌కోగెల్ కొండపై జ్డార్స్కీ ఒక పోటీని నిర్వహించాడు. అందులో 24 మంది పాల్గొన్నారు. వారిలో మిట్సీ ఆంగెరర్ అనే మహిళ కూడా ఉన్నది. గుర్తుల మధ్యగా 85 ద్వారాలను దాటవలసిన ఈ పోటీని స్లాలమ్ పందెములకు ఆదిగా చెబుతారు. వేగం కంటె అదుపునకే ఈయన ప్రాధాన్యమిచ్చేవాడు.

ఒంటికర్ర విషయంలో మాత్రం జ్డార్స్కీ పట్టుదల వీడలేదు. సైనికాధికారి గెయోర్గ్ బిల్గెరి రెండు కర్రల వాడకాన్ని ప్రోత్సహించగా ఇద్దరి మధ్య వైరం పెరిగింది. తరువాతి తరాలు రెండు కర్రల పద్ధతినే అనుసరించాయి.

మంచుచరియ ప్రమాదం

మొదటి ప్రపంచ యుద్ధంలో ఈయన సైన్యానికి పర్వత విషయాలలో సలహాదారుగా పనిచేశాడు. ఫిబ్రవరి 28, 1916న, అనగా అరువది ఏళ్లు నిండిన మూడవ నాడు, కార్నిక్ ఆల్ప్స్‌లో మంచుచరియ క్రింద చిక్కుకొని బయటపడ్డాడు. ఎముకలు విరుగుట, కీళ్లు తొలగుట కలిపి సుమారు 80 గాయాలైనవి. దీర్ఘకాలం శ్రమించి కోలుకొని, మరల స్కీలపై నిలువగలిగాడు. మంచుచరియలను గూర్చి ఈయన రచించిన గ్రంథం 1929లో వెలువడింది.

జ్డార్స్కీ 1940లో సాంక్ట్ పోల్టెన్‌లో మరణించాడు. పర్వతాలపై రాత్రి చిక్కుకున్నవారు చలి నుండి కాపాడుకొనుటకు కప్పుకొనే సంచిని జర్మన్ భాషలో నేటికీ ఈయన పేరుతో పిలుస్తారు. ఈయన వస్తువులు, స్కీలు లిలియెన్‌ఫెల్డులోని ప్రదర్శనశాలలో ఉన్నవి.