బుర్రకథకు ప్రాణం పోసిన పింజారి బిడ్డ - షేక్ నాజర్

మన గండిపేట చెరువు కట్టడం పూర్తయిన సంవత్సరం 1920. అదే సంవత్సరం ఫిబ్రవరి 5న గుంటూరు జిల్లా పొన్నెకల్లు గ్రామంలో ఒక నిరుపేద ఇంట్లో ఒక మగబిడ్డ పుట్టాడు. ఆ ఇంటివారు దూదేకులవారు. దూది ఏకితేనే పూట గడిచేది. ఊళ్ళో వాళ్ళను పింజారి అని పిలిచేవారు. ఆ బిడ్డే తర్వాతి కాలంలో తెలుగునాట బుర్రకథ అంటే గుర్తుకు వచ్చే పేరుగా ఎదిగిన పద్మశ్రీ షేక్ నాజర్.

నాజర్ గారి చదువు ఎక్కువ కాలం సాగలేదు. కానీ గొంతు మంచిది. చిన్నతనంలోనే బాలల నాటకాలలో వేషాలు కట్టారు. సంగీతం నేర్చుకోవాలన్న కోరికతో ఊరు విడిచి నరసరావుపేట వెళ్ళారు. గురువు దగ్గర పాట, హార్మోనియం నేర్చుకున్నారు. పేదవాడికి విద్య దొరకాలంటే ముందు అన్నం దొరకాలి. ఆ కష్టం మన హాస్టల్‌లో ఉండి చదివిన వాళ్ళకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. నాజర్ గారి రోజుల్లో మన వంటి హాస్టల్ ఆయనకు లేదు. ఇల్లు గడవడానికి కొంతకాలం దర్జీ పని కూడా చేశారు.

బుర్రకథ ఆయన కనిపెట్టినది కాదు. అంతకు ముందు ఊరూరా తిరిగే జంగాలు తంబుర మీటుతూ కథ చెప్పేవారు. పక్కన ఆడవాళ్ళు డక్కీలు వాయిస్తూ వంత పాడేవారు. అది యాచన విద్య అని పెద్ద సభల వారు దాన్ని దగ్గరకు రానిచ్చేవారు కాదు. 1940ల మొదట్లో ప్రజానాట్యమండలి వారు ఆ పాత పాత్రలో కొత్త విషయం పోయాలని తలచారు. ఆ పనిలో నాజర్ గారు ముందు నిలిచారు.

అసలు విశేషం ఇక్కడే ఉంది. బుర్రకథ ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. కథ రాసేవారు ఒకరు. నడుమ నిలబడి భుజాన తంబుర, చేతికి అందెలు, కాళ్ళకు గజ్జెలతో చెప్పే కథకుడు ఒకరు. అటూ ఇటూ ఇద్దరు వంతలు. వారిలో ఒకరు హాస్యం, మరొకరు రాజకీయం చెబుతారు. సుంకర సత్యనారాయణ గారు రైతుకూలీల బతుకు మీద 'కష్టజీవి' బుర్రకథ రాశారు. ఆ కాగితం మీది మాటలకు నాజర్ గారి దళం గొంతునిచ్చింది. పురుషోత్తం, రామకోటి గార్లు ఆయనకు వంతలుగా నిలిచారు. ఈ కథలో ఎంత భాగం రాసినవారిది, ఎంత భాగం చెప్పినవారిది అంటే విడదీయడం కష్టం. రాసినవారు మాట ఇస్తారు. ఆ మాట ఎక్కడ సాగదీయాలి, ఎక్కడ ఆపి ఊపిరి తీసుకోవాలి, ఎక్కడ అడుగు వేయాలి అన్నది చెప్పేవారు తేల్చాలి. హాస్యగాడి మాటలైతే ఊరుని బట్టి, ఎదురుగా కూర్చున్న జనాన్ని బట్టి మారిపోతాయి. పుస్తకంలో అవి ఉండవు.

నాజర్ గారు పాత వరుసల దగ్గరే ఆగిపోలేదు. తాను నేర్చిన శాస్త్రీయ రాగాలను, నాటకంలో అలవడిన అభినయాన్ని జంగం కథలోకి తెచ్చారు. ఒకే మనిషి పాడుతూ, ఆడుతూ, క్షణంలో రాజుగా, క్షణంలో కూలివాడిగా మారిపోయేవారు. ఇతరులు రాసినవే కాక తానే స్వయంగా కథలు రాశారు. 1943 నాటి బెంగాల్ కరువు మీద కథ కట్టి చెప్పారు. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం కథలు ఆయన గొంతులో జనానికి బాగా దగ్గరయ్యాయి. ఆ రోజుల్లోనే మోటూరి ఉదయం గారు కథకురాలిగా మహిళా దళం కూడా బయలుదేరింది. మన తెలంగాణలోనూ నిజాం పాలన మీద పోరాటానికి ఈ కళ ఆయుధమైంది. తిరునగరి రామాంజనేయులు గారు తెలంగాణ వీరయోధుల మీద బుర్రకథ రాశారు.

కళ జనాన్ని కదిలిస్తే పాలకులకు కంటగింపు అవుతుంది. 1948 తర్వాత మద్రాసు ప్రభుత్వ నిర్బంధం పెరిగి ప్రజానాట్యమండలి దళాలు చెదిరిపోయాయి. కలిసి పాడినవాళ్ళు తలో దిక్కు అయ్యారు. నాజర్ గారు మాత్రం తంబుర దించలేదు. 1953లో డాక్టర్ గరికపాటి రాజారావు గారు తీసిన 'పుట్టిల్లు' సినిమాలోనూ, 1954లో వచ్చిన 'అగ్గిరాముడు'లోనూ ఆయన బుర్రకథ వినిపించింది. 'అగ్గిరాముడు'లో చెప్పిన అల్లూరి సీతారామరాజు కథ ద్వారా ఆయన గొంతు ఊళ్ళు దాటి వెళ్ళింది. తాను నేర్చినది దాచుకోకుండా ఎందరికో నేర్పారు.

1986లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. ఆయన తన జీవితం చెబుతూ ఉండగా అంగడాల వెంకట రమణమూర్తి గారు అక్షరబద్ధం చేశారు. ఆ పుస్తకానికి పెట్టిన పేరు 'పింజారి'. ఏ మాటతో లోకం తనను తక్కువ చేసిందో ఆ మాటనే నాజర్ గారు తన పుస్తకం అట్ట మీద పెట్టుకున్నారు. ఆ పుస్తకం కూడా చెప్పినవారు ఒకరు, రాసినవారు ఒకరు. 1997 ఫిబ్రవరిలో ఆయన కన్నుమూశారు.

తమ్ముళ్ళారా! ప్రతి ఏడూ వార్షికోత్సవంలో మనం పాటలు, నాటికలు వేస్తాం. స్టేజి మీద నడుమ నిలబడ్డవాడికే చప్పట్లు ఎక్కువ. పాట రాసి ఇచ్చినవాడు, డప్పు కొట్టినవాడు, వంత పాడినవాడు తెర వెనకే ఉండిపోతారు. నాజర్ గారి గొప్పతనం తెలుసుకోవాలంటే సుంకర గారిని, పురుషోత్తం, రామకోటి గార్లను కూడా తలచుకోవాలి. వంత లేని కథ ఊపందుకోదు. ఈసారి మన కార్యక్రమం కాగితం మీద అందరి పేర్లూ రాద్దాం. అలాగే మన కులాన్నో, మన తల్లిదండ్రుల పనినో ఎవరైనా తక్కువ చేసి మాట్లాడినప్పుడు, ఆ పేరునే పుస్తకానికి పెట్టుకున్న పొన్నెకల్లు నాజర్ గారిని గుర్తు చేసుకుందాం.