కరెంటుకు ఎల్లలు దాటించిన కె.ఎల్. రావు గారు

ఈ ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాయమని కార్యవర్గం వారు కోరగా, నాకు డాక్టర్ కానూరి లక్ష్మణరావు గారు గుర్తుకు వచ్చారు. వారి పేరు చెప్పగానే అందరూ నాగార్జునసాగర్ అంటారు, గంగా–కావేరి అంటారు. కరెంటు విషయంలో వారి కాలంలో జరిగిన మేలు తక్కువమందికి తెలుసు.

రావు గారు 1902 జులై 15న కృష్ణా జిల్లా కంకిపాడులో జన్మించారు. బడిలో ఆడుకుంటుండగా దెబ్బ తగిలి ఒక కంటి చూపు పోయింది. అయినా చదువు ఆపలేదు. మద్రాసు విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు చదివి, 1939లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు పొందారు. రంగూన్‌లో పాఠాలు చెప్పారు. స్వదేశానికి వచ్చాక నాగార్జునసాగర్ వంటి ఆనకట్టల పనిలో పాలుపంచుకున్నారు. 1962లో విజయవాడ నుంచి లోక్‌సభకు ఎన్నికై, 1963లో కేంద్ర నీటిపారుదల, విద్యుత్ శాఖ మంత్రి అయ్యారు. సుమారు పదేళ్లు ఆ శాఖ చూశారు.

ఆ రోజుల్లో ఏ రాష్ట్రం కరెంటు ఆ రాష్ట్రానిదే. మన హిందూపురం సంగతే చూడండి. ఎల్లకు అవతల గౌరిబిదనూరు. మనకూ వాళ్లకూ సంబంధ బాంధవ్యాలున్నాయి, సంతలున్నాయి, రెండు భాషలూ వచ్చు. కాని అక్కడ మిగిలిన కరెంటు ఇక్కడి కొరతకు అందాలంటే మాటలు చాలవు. పెద్ద వోల్టేజీ లైను ఉండాలి, రెండు ప్రభుత్వాలూ ఒప్పుకోవాలి. తుంగభద్రలో మాత్రం ఉమ్మడి విద్యుత్ కేంద్రాలు కట్టి, మనకు నాలుగు పాళ్లు, మైసూరుకు ఒక పాలు చొప్పున పంచుకున్నారు.

అలా కలిసి వాడుకునే పద్ధతి దేశమంతటా రావాలని 1964లో, రావు గారు మంత్రిగా ఉండగా, అయిదు ప్రాంతీయ విద్యుత్ మండళ్లు ఏర్పడ్డాయి. ఆంధ్ర, మైసూరు, మద్రాసు, కేరళ రాష్ట్రాలకు దక్షిణ మండలి బెంగళూరులో వెలిసింది. రాష్ట్రాల నడుమ లైన్లకు కేంద్రమే, రాష్ట్ర ప్రణాళికలతో నిమిత్తం లేకుండా, అప్పు ఇచ్చింది. 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ కూడా వచ్చింది. నేను పెనుకొండ తాలూకా కచేరీలో గుమాస్తాగా ఉన్నప్పుడు, బావికి మోటారు పెట్టుకునే రైతులు అడంగల్ నకళ్ల కోసం బారులు తీరేవారు. ఎన్ని నకళ్లు రాశానో లెక్కలేదు.

రాష్ట్రాల ఎల్లలు దాటాక ప్రాంతాల ఎల్లలు మిగిలాయి. ధర్మవరం చెరువు నిండుగా ఉన్నా తూము ఇరుకైతే చివరి మడికి నీరందదు. కరెంటుకూ అంతే. తూర్పున బొగ్గు కరెంటు ఉన్నా, దక్షిణాదికి తెచ్చే లైన్లు చాలేవి కావు. 2003లో ఒడిశాలోని తాల్చేరు నుంచి మన పొరుగున ఉన్న కోలారుకు దాదాపు 1,370 కిలోమీటర్ల లైను వచ్చినా ఇరుకు తీరలేదు. మిగతా నాలుగు ప్రాంతాలు 2006 నాటికి ఒకటైనా మనం విడిగానే ఉన్నాం. విద్యుత్ మార్కెట్లో దక్షిణాది ఎక్కువ ధర పెట్టి కొనవలసి వచ్చేది. చివరకు 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూరు 765 కిలోవోల్టుల లైనుతో దేశమంతా ఒకే గ్రిడ్ అయింది. 1964లో నాటిన మొక్క కాపుకు రావడానికి యాభై ఏళ్లు పట్టింది. రావు గారు దాన్ని చూడలేదు. 1986 మే 18న కాలం చేశారు.

1972లో వారు ప్రతిపాదించిన 2,640 కిలోమీటర్ల గంగా–కావేరి కాలువ మాత్రం ఖర్చు ఎక్కువని ఆగిపోయింది. నీటి కల కాగితంలో ఉండగా, తీగల పని నెరవేరింది. అయితే ఈ రెండూ వేరు కావని నా అభిప్రాయం. శ్రీశైలం నీరు పెనుకొండ దగ్గరి గొల్లపల్లి జలాశయానికి హంద్రీ–నీవా ద్వారా వస్తున్నదంటే, కరెంటు మోటార్లు ఎత్తిపోస్తేనే కదా. ఒకప్పుడు కరెంటు కోసం ఎదురుచూసిన మన సీమ, 2016 నుంచి కదిరి వైపు ఎన్.పి. కుంట సౌర పలకల ద్వారా గ్రిడ్‌కు కరెంటు పంపుతోంది. అది నలుగురికీ అందాలన్నా లైన్లే దారి.

మన మనవలు, మనవరాళ్లు స్విచ్ వేసినప్పుడు ఈ పెద్దాయన పేరు ఒక్కసారి వారికి చెప్పండి. వారి స్మృతికి నమోవాకములు.