లెక్క వ్రాసిచ్చిన వీరుడు

మన సంఘ ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు నాకు వెంటనే తోచిన పేరు అల్లూరి సీతారామరాజుగారిది. నర్సీపట్నంలో స్థిరపడిన మనకు ఆయన సమాధి ఉన్న కృష్ణదేవిపేట ఎంతో దూరం కాదు. ఆయన పోరాటం సంగతి మన పిల్లలకు కూడా తెలుసు. ఎంత తక్కువ సామానుతో బ్రతికారన్నది మాత్రం మనం అంతగా తలచుకోము. నేనూ మొన్నటిదాకా తలచుకోలేదు.

గత వేసవిలో మా అబ్బాయి విశాఖపట్నం వచ్చేసి తనతో ఉండమన్నాడు. వాడిది రెండు గదుల ఫ్లాటు. ముప్ఫయ్యేళ్లుగా పోగుచేసిన బీరువాలు, మంచాలు, అటకమీది ఇత్తడి గంగాళాలు అందులో పట్టవు. మా ఆవిడకు ఒక్కటీ వదలబుద్ధి కాలేదు. నిజం చెప్పాలంటే నాకూ కాలేదు. ఎవరి వస్తువులు ముందు తీసెయ్యాలన్న దానిమీద రెండు నెలలు ఇంట్లో మాటలు కూడా సరిగా లేవు. అటువంటి ఒక ఆదివారం, మనసు బాగోక, బస్సెక్కి కృష్ణదేవిపేట వెళ్లాను.

రాజుగారు 1897 జూలై 4న పాండ్రంగిలో జన్మించారు. తండ్రి వెంకట రామరాజుగారు రాజమండ్రిలో ఫొటోగ్రాఫరుగా ఉండి, 1908లో కలరాతో మరణించారు. తల్లి సూర్యనారాయణమ్మగారు ముగ్గురు పిల్లలతో మిగిలారు. పినతండ్రి రామకృష్ణంరాజుగారు నరసాపురంలో తహసీల్దారు. అటువంటి ఇంట్లో పిల్లవాడికి గుమాస్తా ఉద్యోగమైనా దొరక్కపోదు. కాని ఆయన చదువు మధ్యలో వదిలి, 1916లో ఉత్తరదేశ యాత్రకు బయలుదేరి, కాశీ మొదలైన క్షేత్రాలు చూసి, 1917లో కృష్ణదేవిపేట చేరారు.

అక్కడ సన్యాసివలె జీవించారు. మూలికలతో వైద్యం చేసేవారు, జాతకాలు చూసేవారు. కల్లు, సారా మానమనీ, తగాదాలు కోర్టుకెక్కకుండా పంచాయతీలలో తీర్చుకోమనీ జనానికి చెప్పారు. ప్రభుత్వానికి అనుమానం వచ్చి కొంతకాలం నర్సీపట్నంలో నిఘాలో ఉంచింది. తరువాత డిప్యూటీ కలెక్టరు ఫజులుల్లా ఖాన్‌గారి సహాయంతో పైడిపుట్టలో సాగుభూమి లభించింది. ఇక స్థిరపడి హాయిగా ఉండవచ్చును. కాని ఆయన ఆ భూమిని అంటిపెట్టుకుని ఉండలేదు.

కారణం చుట్టూ ఉన్న మన్యం ప్రజల స్థితి. 1882 నాటి అటవీ చట్టంతో పోడు సాగుకు అడ్డంకులు వచ్చాయి. నర్సీపట్నం నుంచి చింతపల్లి వెళ్లే రోడ్డు పనిలో గిరిజనులచేత చాలీచాలని కూలికి చాకిరి చేయించారు. డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ పేరు ఈనాటికీ చెప్పుకుంటారు.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై దాడులు జరిగాయి. మూడుచోట్ల కలిపి 26 తుపాకులు, రెండున్నర వేలకు పైగా తూటాలు దొరికాయి. ఏమేమి తీసుకున్నదీ స్టేషను రికార్డులో వ్రాసి రాజుగారు సంతకం చేశారు. నేను స్టోర్సు గుమాస్తాగా చాలా ఏళ్లు పనిచేశాను. తీసుకున్న వస్తువుకు సంతకం పెట్టించడానికి పెద్ద అధికారుల వెంట ఎన్నిసార్లు తిరిగానో నాకే తెలుసు. తిరుగుబాటుదారు అడక్కుండానే లెక్క వ్రాసివ్వడం నాకు వారి ధైర్యం కంటె ఎక్కువగా నచ్చింది. అవసరమైనది తీసుకుని, తీసుకున్నది ఒప్పుకునే మనిషి ఆయన.

తలకు 10,000 రూపాయల వెల ప్రకటించినా, దాదాపు రెండేళ్లు కొండల్లో మోయగలిగినంత సామానుతోనే తిరిగారు. 1924 మే 7న మంప వద్ద పట్టుబడగా, ఆ రోజే కొయ్యూరులో చెట్టుకు కట్టి కాల్చివేశారు. అప్పటికి 27 ఏళ్లు నిండలేదు. 1986లో ఆయన తపాలా బిళ్ల వెలువడింది. 2022లో ఒక జిల్లాకే ఆయన పేరు పెట్టారు. బ్రతికుండగా తనకంటూ పెద్దగా ఏమీ ఉంచుకోని మనిషికి మనం ఇచ్చుకున్నవి అవి.

ఆయన త్యాగంతో మన సర్దుబాటును పోల్చడం తగదు. ఆయన ఇతరుల కోసం వదిలారు, మనం చోటు చాలక వదులుతున్నాం. అయినా ఆ సాయంత్రం ఇంటికి వచ్చి పాత నోటుపుస్తకం తీసి మూడు వరుసలు గీశాను: తీసుకువెళ్లేవి, ఇచ్చివేసేవి, తేలనివి. పుస్తకం మా ఆవిడ చేతికిచ్చాను. ఆమె కాసేపు చూసి, శ్రీరామనవమి పానకానికి పనికొస్తాయని గంగాళాలు రెండూ రామాలయానికి ఇద్దామంది. వాళ్లమ్మగారి ఇత్తడి చెంబు మాత్రం ఉంచుకుంది. గుడివారు రసీదు ఇచ్చారు.

తేలనివి అన్న వరుసలో ఇంకా పదకొండు వస్తువులున్నాయి. అన్నీ నావే. సోదర పెన్షనర్లు మీ ఇళ్లలోనూ ఒకసారి ఆ మూడు వరుసలు గీసి చూడండి. పిల్లలు వచ్చి గీయకముందే మనమే గీయడం మంచిది.